నాన్న వదిలేసిన ‘ట’

మా నాన్న తన కళ్ళతో చూడనిదాన్ని చూసినట్టు చెప్పేవాడు కాదు. చెప్పక తప్పకపోతే మాట చివర ఒక ‘ట’ తగిలించేవాడు. “వీధి చివర బేకరీ మూసేశారట.” “రేపు ఎండ ఇంకా పెరుగుతుందట.” ఆఖరికి ఎవరైనా పుట్టినరోజు అడిగినా, “వానాకాలంలో పుట్టానట” అనేవాడు. అక్కడే ఉన్నావు కదయ్యా మహానుభావా అంటే, ఉన్నానుగానీ వాన చూసిన గుర్తు లేదనేవాడు. అమ్మ కూర వండి ముందు పెడితే, నోట్లో పెట్టుకునేదాకా “ఉప్పు సరిపోయిందట” అనేవాడు. అమ్మకి ఒళ్ళు మండిపోయేది.

ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఎదురుగా ‘పెద్దగారూ’ అనేవాళ్ళు, వెనకాల ‘అటగారు’ అనేవాళ్ళు. ప్రార్థనామందిరానికి ఆయన పెద్ద. వారానికోసారి సమావేశం జరిగేది. ప్రార్థనకి ముందు మైకు దగ్గర నిలబడి ఊరి సంగతులు చదివేవాడు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఏ రోజు కరెంటు ఉండదు, అన్నీ. మందిరం వెనకున్న రెండు గదుల ఇల్లు ఆ బాధ్యతతో పాటు వచ్చిందే. ఆయన పెద్దగా ఉన్నన్నాళ్ళే అది మాది.

అలాంటి మనిషి ఒక్క వేసవిలో, ఒక్కసారి, ఆ ‘ట’ వదిలేశాడు. వదిలేయించింది నేను. ఆ సంగతి అప్పట్లో ఆయనకీ, నాకూ, మామయ్యకీ తప్ప ఇంకొకరికి తెలియదు. అది ఎక్కడ బయటపడుతుందోనని ఆ వేసవంతా నేనెలా గడిపానో నాకే తెలియాలి.

అది ఊరి పురపాలక ఎన్నికల వేసవి. మా మామయ్య, అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, మా వార్డు సభ్యుడు. రెండోసారి నిలబడ్డాడు. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మే ఆయన్ని పెంచి పెద్దచేసింది. ఆయనకి దెబ్బ తగిలితే అమ్మకి జ్వరం వచ్చేది. నాకు పురపాలక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వేయించింది కూడా మామయ్యే. మందిరం వెనక మూడు వీధులకీ కొత్త నీళ్ళ ట్యాంకు కట్టించానని గోడ గోడకీ పోస్టర్లు అంటించుకున్నాడు. ఏం లాభం? ఆ నీళ్ళు తడిసిన గోనెసంచి వాసన వేసేవి. జనం వాటిని బట్టలకీ అంట్లకీ వాడుకుని, తాగడానికి మాత్రం ఊరి చివరి కుళాయి దాకా డబ్బాలు పట్టుకుని పోయేవాళ్ళు. ఆ ఎండలో పోనూ రానూ నలభై నిమిషాలు. మోసినంతసేపూ మామయ్యని నోరారా తిట్టేవాళ్ళు.

పోలింగుకి ఇంకా రెండు వారాలుందనగా మామయ్య మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు. వస్తూనే ఫ్యాను కింద కుర్చీ లాక్కున్నాడు.

“బావా, నీళ్ళ రిపోర్టు వచ్చేసింది. బ్రహ్మాండంగా ఉన్నాయి నీళ్ళు. ఆ వాసన కొత్త పైపులది, నెల్లాళ్ళలో అదే పోతుంది. ఎల్లుండి సమావేశంలో మీరు ఒక్క మాట చెప్పండి చాలు.”

“దానికేముందోయ్, చెప్తాను” అన్నాడు నాన్న. “నీళ్ళు బాగున్నాయట అని.”

మామయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “అదే వద్దంటున్నా బావా! మీ ‘ట’ నా కొంప ముంచుతుంది. అది వింటే జనం ఏమనుకుంటారు? అటగారికే నమ్మకం లేదు, ఇంక మనకెందుకు అనుకోరూ?”

“నేను చూడలేదు కదా మరి.”

“చూశావా అక్కా! నా బతుకంతా ఒక్క అక్షరం మీద వేలాడుతోంది, ఈయన దాన్ని పట్టుకుని ఉయ్యాల ఊగుతున్నాడు.”

అమ్మ గరిటె కింద పెట్టింది. “ఏవండీ, వాడేమైనా పరాయివాడా? మీకు అబద్ధం చెప్తాడా?”

“అబద్ధమని నేనన్నానా?” అన్నాడు నాన్న నెమ్మదిగా. “ఆ రిపోర్టేదో చూపించమను. చూసి, చూశాననే చెప్తాను.”

ఇంక వినలేనని అమ్మ గిన్నెలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

“ఫైలు ఆఫీసు దాటి బయటికి రాకూడదు బావా. ఎన్నికల రోజులు, ఎవడు ఎక్కణ్ణుంచి చూస్తాడో తెలీదు. మీరు ఆఫీసుకొస్తే ఇంకా గొడవ. ఇదిగో, మన కోడలు పిల్ల అక్కడే ఉంది కదా, రేపు చూసొచ్చి చెప్తుంది. దీని కళ్ళనైనా నమ్ముతారా?”

నాన్న నా వైపు చూసి నవ్వాడు. “అది చూస్తే నేను చూసినట్టే.”

నాకు ఆ మాటకి కడుపు నిండిపోయింది. నిజం చెప్తున్నా, అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, నాన్న నోటివెంట అంత పెద్ద మాట నా గురించి ఎప్పుడూ వినలేదు.

మర్నాడు ఆఫీసులో ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఓటరు జాబితాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. టైపు చేసీ చేసీ వేళ్ళు పట్టేశాయి. మామయ్య పదకొండింటికి వచ్చి నన్ను పెద్ద గుమాస్తా బీరువా దగ్గరికి పిలిచాడు. లోపల్నించి ఒక గోధుమరంగు ఫైలు తీసి నా మొహం ముందు పెట్టాడు. అట్ట మీద ‘కొత్త ట్యాంకు – నీటి పరీక్ష’ అని రాసుంది. లోపల కాగితాలున్నట్టు లావుగానే ఉంది. నాడా ముడి వేసే ఉంది.

“చూశావా?” అన్నాడు.

“ఊఁ” అన్నాను.

“ఇంకేం మరి, వెళ్ళు, ఆ జాబితాలు సాయంత్రానికల్లా కావాలి.”

ముడి విప్పమని అడగాలని నోటిదాకా వచ్చింది. వార్డు సభ్యుణ్ణి, అదీ మేనమామని, ఉద్యోగం వేయించినవాణ్ణి పట్టుకుని, ఏదీ ముడి విప్పు చూద్దాం అని టైపిస్టు అడుగుతుందా? పెద్ద గుమాస్తా కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తున్నాడు. సిగ్గేసింది. వచ్చి కూచుని టైపు చేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న మందిరం మెట్ల మీద కూచుని కాగితం మీద రేపటి సంగతులు రాసుకుంటున్నాడు. నన్ను చూసి పెన్ను ఆపాడు.

“చూశావా అమ్మా?”

“చూశాను నాన్నా.”

ఫైలు చూశాను కదా, అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాను. నాన్న ఇంకేమీ అడగలేదు. నన్ను అడగవలసిన అవసరం ఉందనుకోలేదు పాపం.

సమావేశం రోజు మందిరం కిక్కిరిసిపోయింది. ముందు బెంచీలో టైలరమ్మ కూచుంది. మూడో వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. భర్త లేడు, ఏడేళ్ళ కూతురుంది. రోజూ పొద్దున చెరో చేత్తో డబ్బా పట్టుకుని ఊరి చివరికి పోయేది. వచ్చాక చేతులు వణికి సూదిలో దారం ఎక్కట్లేదని అందరితో చెప్పుకునేది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. “కొత్త ట్యాంకు నీళ్ళకి పరీక్ష అయింది. నీళ్ళు బాగున్నాయి. తాగొచ్చు.”

అంతే. వెనక బెంచీలవాళ్ళు కూడా మెడలు సాచి చూశారు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. “అట అనలేదే!” “అటగారు అట అనలేదంటే ఇంక తిరుగులేదు.” టైలరమ్మ పైకే నవ్వేసి, “అబ్బ, నా చేతులు బతికిపోయాయి పెద్దగారూ” అంది. నా పక్కన అమ్మ సంతోషంతో నా చెయ్యి నొక్కింది. ఆ సాయంత్రం మామయ్య ట్యాంకు కింద నిలబడి, నలుగురి ముందూ ఒక గ్లాసుడు నీళ్ళు గడగడా తాగి చూపించాడు.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున వీధిలో ఆటోల మీద ఆటోలు. వాంతులు, విరేచనాలు. మొదటి వీధిలో ఇద్దరన్నారు, మధ్యాహ్నానికి మూడు వీధుల్లో కలిపి ముప్ఫై మందన్నారు, మర్నాటికి అరవై దాటింది. టైలరమ్మ కూతురికి కళ్ళు లోపలికి పోయి, పిలిస్తే పలకడం మానేసింది. ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టారు. మామయ్యకీ కడుపు పట్టేసిందిగానీ, చెప్తే ఓట్లు పోతాయని పొట్ట మీద కండువా కట్టుకుని ప్రచారం చేశాడు.

“ఎండ దెబ్బ అయ్యుంటుంది” అంది అమ్మ.

నాన్న ఎండ దెబ్బట అని కూడా అనలేదు. చొక్కా తొడుక్కుని ఆస్పత్రికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్ద గుమాస్తా టీకి బయటికి వెళ్ళగానే బీరువా తీశాను. ఫైలు నాడా విప్పాను. లోపల పైన కాంట్రాక్టరు ఉత్తరాలు, పైపుల కొలతలు, పటాలు. అన్నిటికంటే అడుగున ఒక ఉత్తరం. ‘నీటి నమూనా పరీక్ష నిమిత్తం దీనితో పంపుతున్నాము.’ కింద టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలు. అవి నావే.

నెల్లాళ్ళ కిందట నేనే టైపు చేశాను దాన్ని. రోజుకి అలాంటివి ముప్ఫై చేస్తాను. టైపిస్టు వేళ్ళు చదువుతాయిగానీ బుర్ర చదవదు. పంపాల్సిన అసలు ఉత్తరమూ, ఫైల్లో ఉండాల్సిన నకలూ రెండూ ఒకే పిన్నుకి గుచ్చి ఉన్నాయి. అంటే నమూనా పంపనే లేదు. రిపోర్టనేదే లేదు. నీళ్ళు బాగున్నాయో లేదో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. మామయ్యకి కూడా.

నాన్న ఆస్పత్రి నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పేశాను. ఒక్క గుక్కలో, ఊపిరి ఆపుకుని. ఆయన చెంబు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

“ఫైలు చూశావు. లోపల చూడలేదు. అంతేనా?”

“అంతే నాన్నా.”

“నేను లోపల ఏముందని అడగలేదు. అది నా తప్పు.” చెంబు కింద పెట్టాడు. “టైలరమ్మ పిల్లకి మూడో సీసా ఎక్కిస్తున్నారు. సరే, వెళ్ళి భోంచెయ్యి.”

తిడితే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. వెళ్ళి భోంచెయ్యమన్నాడు.

ఆ సాయంత్రమే నాన్న మామయ్యకి కబురు పంపాడు. ఆయన వచ్చేసరికి అమ్మ కూడా గదిలోనే ఉంది. నాన్న నా పేరు ఎత్తుతాడేమోనని తలుపు పట్టుకుని నిలబడ్డాను.

“పరీక్ష జరగలేదు కదోయ్” అన్నాడు నాన్న.

మామయ్య మొహం పాలిపోయింది. కాదని బుకాయించలేదు, అదొకటి ఒప్పుకోవాలి. కుర్చీలో కూలబడ్డాడు. “పంపుదామనే అనుకున్నా బావా. ఈ హడావిడిలో అలా పడుండిపోయింది. ఎలాగూ బాగుంటాయనే కదా నేనూ తాగాను. ఇప్పుడు వాల్వు కట్టేయించా. రేపట్నుంచి ట్యాంకర్లు వస్తాయి. ఆస్పత్రిలో మందుల ఖర్చు నేను చూసుకుంటా. కొత్తగా ఒక్కడు తాగడు, ఒక్కడికి రోగం రాదు. ఈ ఆరు రోజులు మీరు మాట్లాడకుండా ఉండండి చాలు. పోలింగు అవగానే నేనే వచ్చి మైకు ముందు నిలబడి చెప్తా. అక్క మీద ఒట్టు.”

“ఆరు రోజులే కదండీ” అంది అమ్మ. “నీళ్ళు ఆపేశాడుగా. ఇప్పుడు చెప్తే ఎవరికి ఒరిగేదేముంది? వాడు పోతాడు, మీరు పోతారు, ఈ ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు.”

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట సబబుగానే అనిపించింది. ఆరు రోజులాగితే అంతా సద్దుమణుగుతుంది, నా సంగతీ దాంతోపాటే మాసిపోతుంది. నాన్న ఊఁ అంటే చాలని లోపల్లోపల మొక్కుకున్నాను.

నాన్న అమ్మ వైపు తిరిగాడు. “ఈ వారం కూడా నేను అదే మైకు ముందు నిలబడాలి కదే. ఎవరెవరికి ఒంట్లో బాగోలేదో చదవాలి. అరవై పేర్లు. చదివి, వాళ్ళకెందుకొచ్చిందో ఆ మాట మింగెయ్యమంటావా?”

“ఈ ఒక్క వారం ఒంట్లో బాగోలేదని మానెయ్యండి!”

“బాగానే ఉంది కదా నాకు” అన్నాడు నాన్న.

అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. మామయ్య లేచి చెప్పులు వేసుకుని, నన్ను దాటుతూ ఒక్క చూపు చూశాడు. ఆ రోజు నాకు ఫైలు చూపించింది ఆయనే కదా. చెప్తే నేనూ ఇరుక్కుంటానని ఆయనకి తెలుసు. అయినా ఆ మాట అనలేదు. ఎన్నికల్లో నెగ్గడానికి నన్ను వాడుకున్నాడుగానీ, ఓడిపోతున్నప్పుడు నన్ను ముందుకి తొయ్యలేదు. మనుషుల్ని ఒక్క లెక్కలో ఎలా వెయ్యగలం?

సమావేశం రోజు పొద్దున నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

“నాన్నా, నా పేరు చెప్తావా?”

“నేను నా సంగతి చెప్పుకుంటాను. నీ సంగతి నువ్వెప్పుడు చెప్పుకుంటావో నీ ఇష్టం.” గుండీ తప్పు కన్నంలో పెట్టుకున్నాడు, మళ్ళీ విప్పి పెట్టుకున్నాడు. “నాకు భయంగానే ఉందమ్మా” అన్నాడు. నాన్న నోట ‘భయం’ అనే మాట అదే వినడం.

ఆ రోజు బెంచీలు సగం ఖాళీ. వచ్చినవాళ్ళ మొహాలు పీక్కుపోయున్నాయి. నాన్న అరవై పేర్లూ ఒక్కొక్కటే చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“పోయిన వారం ఇక్కడ నిలబడి నీళ్ళు బాగున్నాయన్నాను. నేను చూడలేదు. చూడకుండా చూసినట్టు చెప్పాను. ఆ నీళ్ళకి పరీక్షే జరగలేదు. మీరు నా మాట విని తాగారు.”

టైలరమ్మ లేచి నిలబడింది. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు రేగిపోయి ఉంది. “మీకెవరు చెప్పారు?”

“చెప్పింది నేనమ్మా.”

“అది కాదు పెద్దగారూ. మీరు ఊరికే అనరు. ఎవరి మాట నమ్మి అన్నారు? ఎవరు చెప్పారు మీకు?”

నాన్న నోరు విప్పలేదు. మైకు గుయ్‌మంటోంది. లేవాలి, లేవాలి అనుకున్నాను. లేవలేదు.

“ఇంకెవరు, ఆ బావమరిదే!” అని వెనకనించి ఎవరో అరిచారు. “చెప్పడానికి నోరు రావట్లేదు!” అన్నారు ఇంకెవరో. నాన్న అవునన్లేదు, కాదన్లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, నన్ను తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

మామయ్య చిత్తుగా ఓడిపోయాడు. మందిరం కమిటీ వాళ్ళు వచ్చి, ఎంతో మర్యాదగా, కొత్త పెద్దని చూసుకుంటామన్నారు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి పది రోజులిచ్చారు. మేం బజారు వెనక ఒక ఇరుకు వాటాలోకి మారాం. నాన్నకి చిన్నప్పుడు నేర్చుకున్న పుస్తకాల బైండింగు పని ఉంది. వాకిట్లో చాప వేసుకుని, గమ్ము డబ్బా, సూది, దారం పెట్టుకుని బడి పుస్తకాలకి అట్టలు కట్టడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగం మాత్రం చెక్కుచెదరలేదు. టైపిస్టుని ఎవరు పట్టించుకుంటారు?

అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో, రెండడుగుల దూరంలో, మాటలన్నీ నా మీదుగా నడిచేవి. “మీ నాన్నకి చెప్పు, భోజనం పెట్టానని.” “విన్నానని చెప్పమ్మా.” “విన్నవాళ్ళు లేచి రావచ్చని చెప్పు.” నవ్వొచ్చే విషయమే, ఇప్పుడైతే. అప్పుడు మాత్రం ఒక్కో మాటా మొయ్యలేక చచ్చేదాన్ని.

ఒకరోజు బట్టలు మడతపెడుతూ అమ్మ బయటపడింది. “చెప్పదలచుకుంటే చెప్పెయ్యొచ్చుగా, నా బావమరిది మాట నమ్మానని. వాడు చేసింది తప్పే, పడేవాడు. కానీ ఆ మౌనం ఉందే... అడిగితే నోరు మూసుకుని నిలబడ్డాడు. జనం ఏదంటే అదయింది. సగం చెప్పి సగం దాచేవాడు అంత నీతులు వల్లించడం దేనికి? ఆ మౌనానికే నా తమ్ముడు ఈ గడప తొక్కట్లేదు.”

నేను మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడతపెట్టాను.

కొత్త సభ్యుడు నీళ్ళకి పరీక్ష చేయించాడు. ఈసారి నిజంగానే. ఆ రిపోర్టు తెచ్చి పురపాలక ఆఫీసు బయట నోటీసు బోర్డుకి అంటించారు. నాలుగు పేజీలు, నిండా అంకెలు, ఆఫీసు భాష. ఎవరికీ అర్థం కాలేదు, అర్థమైనవాళ్ళు నమ్మలేదు. ఊరి చివరి కుళాయి దగ్గర వరస ఇంకా పొడుగైంది.

ఆఫీసుకి సెలవున్న ఒక పొద్దున టైలరమ్మ మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో ఖాళీ డబ్బా. కూతురు పన్నెండు రోజులకి కోలుకుని ఇంటికొచ్చింది, కానీ ఇంకా పరిగెత్తలేకపోతోంది. ఆమెని చూడగానే నేను తలుపు చాటుకి జరిగాను. నాన్న సూది పక్కన పెట్టి లేవబోయాడు.

“కూచోండి పెద్దగారూ. మీతో పనిబడి వచ్చా. ఆ బోర్డు మీద ఏం రాసుందో వచ్చి చెప్పండి.”

“నేనిప్పుడు పెద్దని కాదమ్మా. నా మాట వినే మీ పిల్ల...”

“మా పిల్ల సంగతి నాకు గుర్తుంది. మర్చిపోయి రాలేదు.” గొంతు కరుగ్గానే ఉంది. “కాంట్రాక్టరు తన తప్పు కాదంటాడు, ఆఫీసు వాళ్ళు మాకేం తెలీదంటారు, మీ బావమరిది హడావిడంటాడు. నా తప్పు అన్నది మీరొక్కరే. మరి నేనెవర్ని అడగాలి?”

నాన్న తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయనుకుంటాను, గమ్ము చేతుల్తో తుడుచుకోలేకపోయాడు. “ఆఫీసు భాష నాకు సరిగ్గా తెలీదమ్మా. మళ్ళీ పొరపాటు చేస్తాను. మా అమ్మాయికి వచ్చు. దాన్ని తీసుకెళ్ళు.”

నావైపు చూడలేదు. కావాలనే చూడలేదని నాకిప్పటికీ అనుమానం.

ఇద్దరం బజారు దాటాం. ఆమె ముందు, నేను వెనక. ఆఫీసు మెట్లు కనిపిస్తున్నాయి. పది అడుగులు వేస్తే బోర్డు. చదివేస్తాను, ఆమె నమ్ముతుంది, అయిపోతుంది. నాన్న నమ్మినట్టే నమ్ముతుంది.

“ఆ రోజు మీరు అడిగారు కదా” అన్నాను, “ఎవరు చెప్పారని.”

ఆమె ఆగింది.

“నేను చెప్పాను. కాగితం చూశానని. అట్ట చూశానంతే, లోపల చూడలేదు. నాన్న నన్ను నమ్మాడు.”

టైలరమ్మ డబ్బా కింద పెట్టింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది. కొడుతుందనే అనుకున్నాను, కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

“ఇంకెవరికి తెలుసు?”

“నాన్నకి. మామయ్యకి.”

“మీ అమ్మకి?”

“తెలీదు.”

“ముందు వెళ్ళి ఆవిడకి చెప్పు. ఆ తర్వాత వచ్చి నాకు చదువు. అప్పటిదాకా నేనిక్కణ్ణించి కదలను.” వెళ్ళి ఆఫీసు మెట్ల మీద, నడినెత్తి ఎండలో కూచుంది.

పరిగెత్తాను. అమ్మ పెరట్లో నాన్న చొక్కా పిండుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరి నుంచి మొదలుపెట్టాను. టైలరమ్మ మెట్ల మీద కూచుందన్నాను, తర్వాత ఫైలన్నాను, తర్వాత చూశానని చెప్పానన్నాను. అమ్మ పిండుతున్న చొక్కా చేతుల్లో అలాగే ఆగిపోయింది.

“ఆ రోజు ఎవరు చెప్పారంటే ఆయన నోరు విప్పనిది...”

“నాకోసం.”

“నలభై రోజులు...”

“నలభై ఒకటి” అన్నాను, ఏడుస్తూ.

తడిచొక్కాతోనే వీపు మీద ఒక్కటిచ్చింది. నీళ్ళు నాలుగువైపులా చిందాయి. రెండోది ఇవ్వబోయి, ఆ చొక్కానే మొహానికి అదుముకుని నిలబడిపోయింది. కాసేపటికి దాన్ని దులిపి తీగ మీద ఆరేసింది. “మీ మామయ్య తప్పు మామయ్యదే. నీది నీదే. పద, ఆవిడ ఎండలో కూచుందంటున్నావుగా.”

వాకిట్లో నాన్న అట్టకి గమ్ము రాస్తున్నాడు. అమ్మ ఆయన పక్కనుంచి రెండడుగులు ముందుకి వెళ్ళి, ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

“ఏవండీ, మీరూ రండి.”

నాన్న ఎక్కడికని అడగలేదు. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి చెప్పుల కోసం తడుముకున్నాడు.

మేం వెళ్ళేసరికి మెట్ల దగ్గర ఇంకో పదిమంది డబ్బాలతో పోగయ్యారు. టైలరమ్మ ఒక పక్కకి జరిగి నాకు దారిచ్చింది. నేను ఆ పదిమందికీ నా సంగతి మొదటినుంచీ చెప్పాను. మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ చెప్పాను. ఒకాయన కాండ్రించి ఉమ్మి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఉన్నారు. అప్పుడు బోర్డు వైపు తిరిగి నాలుగు పేజీలూ, ఒక్క అక్షరం వదలకుండా, అర్థం చెప్పుకుంటూ చదివాను. మొదటి వీధి నీళ్ళు తాగొచ్చు. రెండో వీధి నీళ్ళు తాగొచ్చు. మూడో వీధి పైపులో మురుగు ఇంకా కలుస్తోంది, ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు.

మూడో వీధి టైలరమ్మది.

ఆమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. లేచి, చీర దులుపుకుని, ఖాళీ డబ్బా చేతికి తీసుకుని, ఊరి చివరి కుళాయి వైపు నడిచింది. మా నాన్న పరిగెత్తి వెళ్ళి ఆమె చేతిలోంచి ఆ డబ్బా అందుకున్నాడు.